ఖాళీ కండెలో ఐదు

బాలకిష్టయ్య తల ఎత్తి, గుటక చప్పుడు భార్య కిష్టమ్మకు వినబడేలా నీళ్ళు తాగాడు. గుండె గోలీ అరచేతి మడతలోనే ఉంది. మగ్గం గుంతలో కాళ్ళు దించి, నూలు అయిపోయిన కండె తొర్రలోకి దాన్ని జారవిడిచాడు. ఇది ఐదోది.

నలభై ఏళ్ళుగా గద్వాలలో ఆ గుంతే అతని చోటు. అంచు ఒరిసీ ఒరిసీ తొడల కింద చర్మం నల్లగా మొద్దుబారింది. చూపుడువేలి నిండా జరీ కోసిన గాట్లు. గుండెనరంలో స్టెంటు వేశాక ఆ గాట్లు తొందరగా మూసుకోవడం మానేశాయి.

డాక్టరమ్మ విడమరిచే చెప్పింది. నెత్తుటిలో ప్లేట్‌లెట్లని చిన్న కణాలుంటాయట. తెగినచోట ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డ కడతాయట.

"వేలిమీద కడితే మంచిదే పెద్దాయనా. స్టెంటులో కడితే పానం పోతది. గోలీ వాటిని అతుక్కోనియ్యదు. ఒక్కరోజు కూడ ఇడువొద్దు."

అతుకంటే అతనికి తెలియదా? పాత పడుగు పోగులకు కొత్త పోగులు వేలకు వేలు అతికిన చెయ్యి.

కానీ పోయినసారి నేసిన చీర తెల్లటి నూలుమీద వేలి గాటునుంచి ఒక్క బొట్టు పడింది. ఉతికినా పోలేదు. "పెండ్లి చీరెకు నెత్తురు మరకా, మామా?" అని షావుకారు మడత పక్కన పెట్టాడు. దాని బదులు అలాంటిదే ఇంకో చీర నేస్తున్నాడు. ఇది మగ్గం దిగితే గోలీలు వేసుకోవాలనుకున్నాడు.

మధ్యాహ్నం జరీ కోసింది. నొక్కిపట్టగానే నెత్తురు ఆగింది.

"సూడే కిష్టమ్మా, ఆగింది!"

"గోలీ మంచిగ పనిజేస్తుందన్నట్టు."

"నా నెత్తురుకు ఇప్పటికి సిగ్గొచ్చింది," అని నవ్వాడు. కళ్ళు మాత్రం ఆమెవైపు తిప్పలేదు.

పొద్దువాలేసరికి కొంగు జానెడు మిగిలింది. "జర చాయ్ పెట్టు," అన్నాడు, రొమ్ము రుద్దుకుంటూ.

ఆమె వచ్చేసరికి నుదురు బట్టకు ఆనించి ఉన్నాడు. పోగులు లెక్కపెట్టేటప్పుడు ఎప్పుడూ అంతే.

"ఏందయ్యా, చాయ్ సల్లారుతుంది."

భుజం పట్టుకుంది. తల పక్కకు ఒరిగింది. తెల్లటి నూలుమీద ఒక్క మరక లేదు.

పదకొండో దినం దాటాక, మిగిలిన జానెడు నేద్దామని కిష్టమ్మ మగ్గం ముందు కూర్చుంది. నూలు చుట్టడానికి తీసుకున్న ఖాళీ కండెలో ఏదో గలగలమంది. వంచింది.

తెల్లటి కొంగుమీద ఐదు గోలీలు, గులాబీ రంగువి, తడి తగలకుండా, విడివిడిగా పడ్డాయి.