కారం మిల్లులో స్విచ్చి పూజ

నాగవేణికి మాటలు రాక కాదు. నోటిదాకా వచ్చి, అక్కడే చెప్పులు విప్పుకుని కూర్చునేవి. గడప దాటేవి కావు. అందుకే మాచర్లలో ఇంటర్నెట్ కనెక్షన్లిచ్చే కోటేశ్వర్ బాబాయి ఆమెను రెండేళ్ళుగా కౌంటర్లోనే కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళు ఫోన్ నంబరు చెబుతారు, ఈమె రీఛార్జి చేస్తుంది, అంతే. ఐటీఐలో ఫైబర్ తీగలు అతకడంలో క్లాసు ఫస్టు వచ్చిన వేళ్ళు పొద్దస్తమానం నంబర్లు నొక్కుతుంటే ఆమెకు ఏడుపొచ్చేది.

ఒకరోజు బాబాయి ఏమనుకున్నాడో ఏమో, చలమయ్య గారి కారం మిల్లు పని ఆమె చేతిలో పెట్టాడు.

"ఏమే, ఇది నువ్వొక్కదానివే చెయ్యి. శుక్రవారం పది నలభైకి ముహూర్తమంట. ఆ టయానికి ఆఫీసు టీవీలో మిల్లు బొమ్మ రావాల. వచ్చిందా, ఇక నుంచి బయటి పనులన్నీ నీయే. రాలేదా, కౌంటర్లో నీ కుర్చీ యాడికీ పోదు."

"ఊఁ," అంది నాగవేణి.

చలమయ్య గారి ఆఫీసు రోడ్డు పక్కన ఉంది. మిల్లు దాని వెనక నూట నలభై మీటర్ల దూరాన ఉంది. మధ్యలో మిరపకాయలు ఆరబోసే కళ్ళం. మిల్లు దగ్గర కాటా ఎక్కిన లారీ బరువు, అక్కడి కెమెరాల బొమ్మ కూర్చున్న చోటే కనపడాలని ఆయన కోరిక. ఇప్పటిదాకా ఆ పని మహమూదా చేసేది. కాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ళకు మేస్త్రి ఆమె. లారీ కాటా ఎక్కగానే "చలమయ్యన్నా! డెబ్బై రెండు క్వింటాళ్ళు!" అని కేక పెట్టేది. ఆ కేక ఆఫీసుకే కాదు, బస్టాండుకూ వినపడేది.

సామాను కొనడానికి నాగవేణి, చలమయ్య గారు నరసరావుపేట వెళ్ళారు. షాపతను రెండు స్విచ్చిలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. కంప్యూటర్లు, కెమెరాలు, కాటా, వీటన్నిటి తీగలూ వచ్చి కలుసుకునే పెట్టె అది. ఒకదాంట్లో ఫ్యాను లేదు. రెండోదాంట్లో రెండు ఫ్యాన్లున్నాయి. కారం ఎగిరే చోటికి ఫ్యాను లేనిదే మేలని నాగవేణికి తెలుసు. చెబుదామని నోరు తెరిచింది. ఈలోగా చలమయ్య గారు రెండు పెట్టెల్నీ రెండు చేతుల్లోకి తీసుకుని, మిరపకాయల టిక్కీ బస్తాలను అంచనా వేసినట్టు పైకీ కిందికీ ఆడించారు.

"ఇది బరువుంది. బరువున్నదే సరుకు. పైగా ఫ్యాన్లు గూడా ఇచ్చాడు. పాపం, చెమట పట్టకుండా పని చేసుకుంటది. ఏమ్మా?"

"ఊఁ."

ప్యాచ్ ప్యానెల్ చూడగానే ఆయన మొహం ముడుచుకుంది. అది ఇరవై నాలుగు చిల్లులున్న ఇనప పట్టీ. "ఇది వెలగదు, తిరగదు, మోగదు. ఎందుకు కొనాల?" అన్నారు. గోడల్లోంచి వచ్చే తీగలన్నీ వెనక నుంచి దానికి బిగిస్తారని, ముందు నుంచి పొట్టి తీగలతో స్విచ్చికి కలుపుతారని, రేపు ఏదైనా మార్చాలంటే గోడ పగలగొట్టక్కర్లేదని నాగవేణి మనసులో ముచ్చటగా చెప్పుకుంది. పైకి మాత్రం, "కొక్కేలండీ," అంది.

"చొక్కాలు తగిలించుకునేదా?"

"ఆఁ... తీగలు."

షాపతను నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయాడు.

రాగి తీగ వంద మీటర్లు దాటితే మొరాయిస్తుంది. అందుకని ఆఫీసు నుంచి మిల్లు దాకా ఫైబర్ వేసింది నాగవేణి. దాని లోపల వెంట్రుకంత గాజు పోగు. అందులో పోయేది కరెంటు కాదు, వెలుతురు. మూడు రోజులు కళ్ళం పక్కన కాలవ తవ్వించి, గొట్టం పూడ్పించి, రెండు కొసలూ అతికించి, మిల్లు వైపు కొసను అక్కడి కెమెరాల పెట్టెకి కలిపింది. గురువారం సాయంత్రం ఆఫీసు కొసను గుచ్చి చూస్తే స్విచ్చి మీద పచ్చ దీపం టక్కున వెలిగింది. చలమయ్య గారు కంగారుపడ్డారు.

"ఆర్పెయ్, ఆర్పెయ్! ఇప్పుడే వెలిగితే రేపు ముహూర్తం ఎందుకు?"

నాగవేణి తీగ లాగేసి, దాని కొసకు దుమ్ము పడకుండా చిన్న టోపీ తొడిగింది.

తెల్లారింది. చలమయ్య గారి తల్లి రాఘవమ్మ పూజ పళ్ళెంతో ఆఫీసుకి వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి. ఆ ఇంట్లో ఏ యంత్రమూ ఆవిడ చేతి బొట్టు పెట్టుకోకుండా పని మొదలుపెట్టలేదు. లారీకి పెట్టింది, కాటాకి పెట్టింది, కోడలు బీపీ చూసుకునే మిషనుకి కూడా పెట్టింది.

స్విచ్చి ఇరవై నాలుగు చిల్లులకీ ఒక్కొక్క బొట్టు పెట్టింది. పైన గుప్పెడు పసుపు, గుప్పెడు కుంకుమ చల్లింది. తర్వాత ప్యాచ్ ప్యానెల్ మొదలుపెట్టింది.

"అమ్మా, టయమవుతంది."

"ఉండరా. ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకపోతే అలుగుద్ది."

అప్పుడు ఆవిడ కళ్ళు ఫైబర్ కొస మీద పడ్డాయి. "ఇదేంది, పూజలో టోపీ పెట్టుకుని కూర్చుంది?" అంటూ టోపీ పీకేసింది. నాగవేణి ఒక అడుగు ముందుకేసింది. ఆ కొసకు వేలు కూడా తగలకూడదు. బలమంతా కూడగట్టుకుని, "మామ్మా..." అంది.

"అయ్యో, నీకు పెట్టనే లేదు గదూ!" అని రాఘవమ్మ నాగవేణి నుదుట ఇంత బొట్టు పెట్టింది. అదే వేలితో ఫైబర్ కొసకీ పెట్టింది.

సరిగ్గా పది నలభైకి చలమయ్య గారు తన చేత్తోనే తీగ గుచ్చి, స్విచ్చికి కరెంటు వేశారు. గుమాస్తా శివరామయ్య ఫోటోలో పడాలని ఇస్త్రీ పంచెలో పెట్టె పక్కనే నిలబడ్డాడు. రెండు ఫ్యాన్లూ గుర్రుమన్నాయి. పక్క చిల్లుల్లోంచి పసుపూ కుంకుమా బుస్సున లేచి శివరామయ్య మీద పడ్డాయి. వసంతాలాడి వచ్చిన మనిషిలా తయారయ్యాడాయన. ఆయన తుమ్మాడు. చలమయ్య గారు తుమ్మారు. అందరూ తుమ్మారు. టీవీలో మాత్రం నల్లటి తెర తప్ప ఏమీ లేదు.

దూరం నుంచి కేక వినిపించింది. "చలమయ్యన్నా! అరవై ఒక్క క్వింటాళ్ళు! కనపడిందా?"

"వినపడింది!" అని అరిచారు చలమయ్య గారు.

శివరామయ్య కళ్ళు తుడుచుకుని, "నేను ముందే అనుకున్నా. పెట్టె దక్షిణం చూస్తంది. తూర్పుకి తిప్పాల," అన్నాడు. స్విచ్చి బిగించిన బీరువా అంత స్టాండుని నలుగురు పట్టి తిప్పారు. తూర్పున గోడ ఉంది. దీపాలన్నీ గోడ వైపు పోయాయి.

"ఇప్పుడు వెలిగినా మనకి తెలవదు," అంది రాఘవమ్మ.

చలమయ్య గారు ఫోన్ తీశారు. "కోటేశ్వర్, మీ పిల్లకి పని రాదయ్యా. ఎవరన్నా పెద్దోణ్ణి పంపించు."

"నేనే వస్తన్నానండీ. దాన్ని కౌంటర్‌కి పంపించేయండి," అని ఫోన్లో బాబాయి గొంతు.

ఆ మాట వినగానే, నాగవేణి నోట్లో ఇన్నేళ్ళుగా కూర్చున్న మాటలన్నీ ఒక్కసారే లేచాయి.

"కుంకుమ! కుంకుమ అడ్డం పడింది!"

ఆ కేకకి ఫ్యాన్లు కూడా ఆగాయేమో అనిపించింది. రాఘవమ్మ మెల్లగా తిరిగింది.

"ఏందీ? నా కుంకుమ అడ్డమా?"

నాగవేణి ఒక అడుగు వెనక్కి వేసింది. కానీ నోరు మాత్రం ఆగలేదు. "అవును మామ్మా. ఆ తీగలో వెలుతురు పోవాల. ఆ కొస దాని కన్ను. అమ్మవారికైనా బొట్టు నుదుట పెడతాం గానీ కంట్లో పెట్టం గదా!"

రాఘవమ్మ గోడ మీది అమ్మవారి పటం వంక చూసింది. తీగ వంక చూసింది.

"అది కన్నా?"

"కన్నే మామ్మా."

"ముందే చెప్పొద్దూ? పాపం, ఇందాకటి నుంచి ఎంత మండుతందో ఏమో!" అంటూ కొంగు పట్టుకుని తుడవబోయింది.

"కొంగుతో వద్దు! చలమయ్య గారూ, నోటితో ఊదమాకండి! శివరామయ్య గారూ, అందులోకి తొంగి చూడొద్దు, కళ్ళు పోతాయి! ముందు ఆ స్టాండు ఎట్టా ఉందో అట్టా తిప్పండి!"

శివరామయ్య మారుమాట లేకుండా తిప్పాడు. నాగవేణి స్విచ్చి కరెంటు తీసేసి, నూలు రాలని గుడ్డని స్పిరిట్‌లో తడిపి కొసను తుడిచింది. గుడ్డ ఎర్రబడింది. మళ్ళీ తుడిచింది, ఇంకా గులాబీ రంగు. మూడోసారి తెల్లగా వచ్చింది. స్విచ్చిలో తీగ గుచ్చే చోట కూడా ఎరుపు అంటుకుంది. వెలుతురు అందుకునే ఆ చిన్న ముక్కను ఊడదీసి, సంచిలోంచి కొత్తది పెట్టింది. తీగ గుచ్చి, కరెంటు వేసింది.

పచ్చ దీపం వెలిగింది.

టీవీ నిండా ఒక పెద్ద నోరు కనిపించింది. మహమూదా కెమెరాకి ఎదురుగా నిలబడి కేక పెడుతోంది. ఆ కేక మాత్రం ఎప్పటిలాగే కళ్ళం మీదుగా వచ్చింది. "ఇప్పుడన్నా కనపడిందా?"

"కొండనాలుక దాకా కనపడతంది!" అన్నారు చలమయ్య గారు.

ఆయన చేతిలో ఫోన్ ఇంకా మాట్లాడుతూనే ఉంది. "హలో, హలో! అక్కడ అందర్నీ అదిలిస్తన్న ఆవిడెవరండీ?"

నాగవేణి ఫోన్ అందుకుంది. "నేనే బాబాయ్, నాగవేణిని. బొమ్మొచ్చింది. కౌంటర్లో ఇంకెవర్నన్నా పెట్టుకో."

"ఎవరమ్మా నువ్వు? మా నాగవేణికి ఇవ్వు."

ఎంత చెప్పినా కోటేశ్వర్ నమ్మలేదు. చలమయ్య గారు చెప్పినా నమ్మలేదు. చివరికి షాపు మూసేసి, బండేసుకుని మిల్లుకి వచ్చాడు. అతను వచ్చేసరికి నాగవేణి నిచ్చెన చివరన నిలబడి రెండో కెమెరా బిగిస్తోంది. కింద ఎర్రటి పంచెతో శివరామయ్య నిచ్చెన పట్టుకుని ఉన్నాడు.

"దిక్కులు చూడమాకండి శివరామయ్య గారూ," అంటోంది ఆమె. "బాబాయ్, వచ్చావా? ఆ రెండో వైపు పట్టుకో."

కోటేశ్వర్ వెళ్ళి పట్టుకున్నాడు.