కాలువ వెడల్పు

పొద్దున్నే నాగవంశీ చద్దన్నం తిని, సంచీ భుజాన తగిలించుకుని, మురుగు కాలువ మీద వంతెనగా వేసిన తాటిపట్టె ఎక్కి నాలుగడుగులేస్తే అవతల బడే. వాడి అక్క హర్షితకీ మొన్నటిదాకా అంతే. ఆ పిల్ల ఈడేరి, పీటల మీద కూర్చోబెట్టి ఓణీ వేసిన దగ్గర్నుంచీ, తను ఎక్కితే చాలు కాలువ వెడల్పయిపోతోంది. నడిచేకొద్దీ పట్టె సాగుతుంది. అవతలి గట్టు కనపడదు.

"మామూలేగా!" అన్నారు బంటుమిల్లి పక్కన ఆ ఊళ్ళో అందరూ. ఆడపిల్లలందరికీ అంతేనట. తల్లి నాంచారమ్మ అవతలి గట్టు చూసి ఎన్నేళ్ళయిందో!

"కాలువ వెడల్పైతే నేనేం చెయ్యనే?" అన్నాడు తండ్రి పిచ్చేశ్వరరావు. అదే కాలువని టీ తాగడానికి పూటకోసారి దాటే మగమహారాజు మరి! "పదో తరగతీ వద్దు, ఏమీ వద్దు. ఒకటో తారీకు నుంచి రొయ్యల షెడ్డుకి వెళ్ళు. వ్యాను గుమ్మంలోకే వస్తుంది."

హర్షిత ఏడ్చింది. ఏడ్చి ఊరుకుందా? రోజూ తెల్లారకుండానే బయల్దేరేది. మధ్యాహ్నం నీళ్ళ నడుమ పట్టె మీదే కూర్చుని క్యారేజీ తినేది. దీపాలు పెట్టే వేళకి ఆడపిల్ల ఇంట్లో ఉండాలని తండ్రి ఆంక్ష. అందుకని మళ్ళీ వెనక్కి. గట్టు ఒక్కపూట దూరంలో ఉంటేగా చేరడానికి!

షెడ్డుకి వెళ్ళాల్సిన ముందురోజు నాంచారమ్మ కూడా కూతురి వెంట నడిచింది. పొద్దు వాలింది. ముందూ నీళ్ళే, వెనకా నీళ్ళే.

"తిరుగుదామా అమ్మా? నాన్న చంపేస్తాడు," అంది హర్షిత.

"నువ్వు తిరక్కు. నడుస్తూనే ఉండు."

"మరి నువ్వు?"

"దీపం నేను పెడతాలే. తిట్లు నాకేమన్నా కొత్తా? వెళ్ళు తల్లీ, వెనక్కి చూడకు."

కూతురి చెయ్యి వదలడానికి ఆవిడకి ప్రాణం పోయినంత పనైంది. అయినా వదిలింది.

మర్నాడు బడి వదలగానే నాగవంశీ పరుగున వచ్చాడు. "అమ్మా! అక్క బడికొచ్చింది! టీచరు గారు హాస్టల్లో చేర్పించారు. ఇంక అక్కడే ఉంటుందంట. నిన్ను చూడాలని అవతలి గట్టు మీద నుంచుంది, రా!"

నాంచారమ్మ పడుతూ లేస్తూ కాలువ దగ్గరికి వెళ్ళింది.

"అదిగో, నవ్వుతోంది చూడమ్మా! చెయ్యి ఊపుతోంది!"

ఆవిడకి నీళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. నీళ్ళే.

"ఎటు వైపురా?" అనడిగింది.

వాడు చూపించిన వైపుకి తిరిగి, ఆవిడ కూడా చెయ్యి ఊపింది.