మంచం కింద పది నెలలు

నేను ఒక కరెంటు కుక్కర్ని. అన్నం వండడం తప్ప ఇంకో విద్య రాదు. నీళ్ళు ఇగిరిపోగానే నా మీట దానంతటదే టక్కుమని పైకి లేస్తుంది, ఎవరూ దగ్గర కూర్చుని చూసుకోనక్కర్లేదు. అంతకు మించి గొప్పలు చెప్పుకోను.

పుట్టింది ఏదో ఊరి ఫ్యాక్టరీలో. నా ముందో నాలుగు వందలు, వెనకో నాలుగు వందలు అచ్చం నాలాంటివే వరసగా కదిలిపోతుంటే, నేనేదో ప్రత్యేకమని అనుకునే అవకాశమే రాలేదు. అనకాపల్లిలో ఒక పెళ్ళికి రంగుకాగితం చుట్టించుకుని కానుకగా వెళ్ళాను. ఆ పెళ్ళికి నాతో కలిపి ఐదు కుక్కర్లు, తొమ్మిది గోడ గడియారాలు వచ్చాయి. కొత్త దంపతులు నన్ను విప్పి చూడకుండానే పైన పేరు మార్చి ఎవరిదో గృహప్రవేశానికి చదివించేశారు. వాళ్ళూ విప్పలేదు. మనుషులు ఒకరికొకరు ఎంతో ప్రేమగా ఇచ్చుకునేవి చాలావరకు ఇలా అట్టపెట్టెల్లోనే ఊళ్ళు తిరుగుతుంటాయి. మూడేళ్ళు అటక మీద పడి ఉన్నాక, ఆ ఇంటావిడ నా ఫొటో తీసి ఫోన్లో అమ్మకానికి పెట్టింది.

కొనడానికి వచ్చిన పిల్ల పేరు నీలవేణి. ఇరవై మూడేళ్ళుంటాయి. ఐదు వందలన్నదాన్ని నాలుగు వందలకు బేరమాడి, బస్సులో నన్ను ఒళ్ళో పెట్టుకుని విశాఖపట్నంలోని తన హాస్టలుకు తీసుకెళ్ళింది. గేటు దగ్గరకు రాగానే చున్నీ కప్పేసింది. నాకు చిన్నతనం అనిపించింది. లోపలికి వెళ్ళాక గోడ మీది కాగితం చూసి విషయం అర్థమైంది. గదుల్లో వంట నిషేధం.

నీలవేణిది రాజాం దగ్గర పల్లె. ఒక బట్టల షాపులో బిల్లులు కొట్టే పని, నెలకు పన్నెండు వేలు జీతం. డిగ్రీ పాసైంది కానీ ఆ పాసైన కాగితాలు ఆమె దగ్గర లేవు, కాలేజీ బీరువాలో ఉన్నాయి. ఆఖరి ఏడాది స్కాలర్‌షిప్పుకు వేలిముద్ర వెయ్యాల్సిన గడువు రోజున ఆమె టైఫాయిడ్‌తో మంచంలో ఉంది. ఆ ఏడాది ఫీజు ముప్పై ఆరు వేలు ఆమె నెత్తిన పడింది. అది కడితే తప్ప ఒరిజినల్స్ ఇచ్చేది లేదన్నారు. జిరాక్సులు మాత్రం ఎన్ని కావాలంటే అన్ని ఇచ్చారు.

అందుకని నీలవేణి ఒక క్యాలెండర్ కాగితం వెనక బడ్జెట్టు రాసుకుని అల్మరా తలుపుకి లోపలివైపు అంటించింది. హాస్టల్లో భోజనంతో అయితే నెలకు ఆరున్నర వేలు, మంచం ఒక్కటే అయితే మూడున్నర. మంచమే తీసుకుంది. ఇంటికి మూడు వేలు, బస్సుకి ఏడు వందలు, ఫోనుకి రెండు వందల యాభై. తిండికి పదహారు వందల యాభై, అది నా శాఖ. మిగిలిన రెండు వేల తొమ్మిది వందలు బ్యాంకులో. పది నెలలైతే ఇరవై తొమ్మిది వేలు. దాని పైన, మొట్టమొదటి వరసలో, ఇంకో అంకె రాసింది. చేరినప్పుడు హాస్టలుకు కట్టిన అడ్వాన్సు, ఏడు వేలు. ఖాళీ చేసేటప్పుడు ఎలాగూ తిరిగొస్తుంది కదా. అన్నీ కూడి చూసుకుని, సరిగ్గా సరిపోయిందని మురిసిపోయింది.

నాకు కూడికలు రావు. వచ్చినా ఏం చెప్పగలను? తన చేతిలో లేని డబ్బుని అన్నిటికన్నా ముందు రాసుకుంది పిచ్చిపిల్ల.

పొద్దున్నే ఆరింటికి నీళ్ళ మోటారు వేస్తారు. ఆ రొదలో నా చప్పుడు ఎవరికీ వినబడదని ఆమె ధైర్యం. కిటికీ దగ్గర పెట్టి, ఆవిరి బయటికి పోయేలా తిప్పి, అన్నం వండేది. అదే మధ్యాహ్నం డబ్బాలోకీ, సాయంత్రానికీ. కర్రీ పాయింట్లో ఇరవై రూపాయల పప్పు ప్యాకెట్టు తెచ్చి రెండు పూటలు లాగించేది. పప్పు లేని రోజున ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ. నా పని కాగానే తుడిచి, అట్టపెట్టెలో పెట్టి, మంచం కింద సూట్‌కేసు వెనక్కి తోసేసేది. పక్క మంచం పిల్ల ప్రశాంతి ఒక్కదానికే నా సంగతి తెలుసు. అలా అనుకునేవాళ్ళం ముగ్గురం.

నాలుగో నెలలో తండ్రి ఫోన్ చేసి తమ్ముడి పుస్తకాలకు రెండు వేలు అడిగాడు. పంపింది. ఆ లోటు పూడ్చుకోవడానికి మూడు నెలలు షాపుకి నడిచి వెళ్ళింది. చెప్పులు అరిగితే కొత్తవి కొనకుండా కుట్టించుకుంది. ఇంత పట్టుదల నేను ఆడంబరంగా పెళ్ళిళ్ళు చేసుకునేవాళ్ళలో ఎన్నడూ చూడలేదు.

ఎనిమిదో నెలలో ఒక సహకార బ్యాంకు పరీక్ష ఫలితాలొచ్చాయి. క్లర్కు ఉద్యోగానికి నీలవేణి పేరు ఉంది. జూన్ పన్నెండున ఒరిజినల్స్ తెచ్చి చూపించాలి. ఆ రోజు ఆమె నా ముందు కింద కూర్చుని ఏడ్చింది. నాకే ఉద్యోగం వచ్చినంత సంబరపడ్డాను. లెక్క ప్రకారం మే నెలాఖరుకి ఇరవై తొమ్మిది వేలు నిండుతాయి. ఒకటో తారీఖున హాస్టలు ఖాళీ చేసి, అడ్వాన్సు తీసుకుని, కాలేజీలో కట్టేస్తే సరి. నెల ముందే షాపులోనూ హాస్టల్లోనూ చెప్పేసింది.

ఒకటో తారీఖు పొద్దున హాస్టలు నడిపే సత్యవతి ఆంటీ చేతిలో పుస్తకంతో గదికొచ్చింది. ఫ్యాను వేసి చూసింది. కుళాయి తిప్పింది. పరుపు ఎత్తి చూసింది. ఆంటీ వెళ్ళాక నన్ను సంచిలో వేసుకుందామని నీలవేణి ఆలోచన. కానీ ఆంటీ ఏమీ వెతకలేదు. మోకాలి మీద చెయ్యేసి వంగి, తిన్నగా మంచం కిందికి చెయ్యి పోనిచ్చి నా పెట్టెను బయటికి లాగింది. తన వస్తువుని తాను తీసుకున్నట్టే ఉంది.

"గదిలో వంట చేస్తే అడ్వాన్సు రాదని ఎనిమిదో లైన్లో ఉందమ్మా. సంతకం నీదే," అని కాగితం చూపించింది.

"ఆంటీ, ఆ డబ్బు లేకపోతే నా సర్టిఫికెట్లు రావండి. పన్నెండో తారీఖుకి చూపించాల. ఉద్యోగం పోద్దండి," అంది నీలవేణి. గొంతు అప్పటికింకా మామూలుగానే ఉంది.

ప్రశాంతి కలగజేసుకుని, కుక్కరుందని మీకు ఎప్పుడు తెలిసింది అని అడిగింది. మొదటి నెల కరెంటు బిల్లు చూసినప్పుడే తెలిసిందని ఆంటీ దాపరికం లేకుండా చెప్పింది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదంది ప్రశాంతి.

"అప్పుడే చెప్తే ఖాళీ చేసి పోయేది కదే. మంచం ఖాళీగా ఉంటే బిల్డింగు అద్దె నాకెవరిస్తారు?"

ఆంటీ దుర్మార్గురాలని నేననను. వెళ్ళేముందు నీలవేణిని టిఫిన్ తిని వెళ్ళమంది కూడా. ఇడ్లీలు మిగిలాయంది.

ఆ తర్వాత సంగతులు నేను కళ్ళారా చూడలేదు. నన్ను మెట్ల కింద గదిలో పెట్టి తాళం వేశారు. అక్కడ నాకన్నా ముందొచ్చినవి మూడు కుక్కర్లు, నాలుగు కెటిళ్ళు, ఒక ఇస్త్రీ పెట్టె ఉన్నాయి. ఆడపిల్లలు ఫోన్లు మాట్లాడుకునేది ఆ మెట్ల మీదే. ప్రశాంతి మాటల్లో ఒక్కొక్కటే తెలిసింది. మానేస్తానని చెప్పిన మనిషికి షాపువాళ్ళు డబ్బు సర్దలేమన్నారు. ప్రశాంతి పదిహేను వందలిచ్చింది. తండ్రి ఎక్కడో రెండు వేలు పుట్టించాడు. తల్లి కమ్మలు అంతకుముందే తాకట్టులో ఉన్నాయి. ఇంకా మూడున్నర వేలు తక్కువ. కాలేజీలో బతిమాలితే, సగం కడితే సగం సర్టిఫికెట్టు చింపి ఇమ్మంటావా అని గుమస్తా నవ్వాడట. పన్నెండున జిరాక్సులు పట్టుకుని వెళ్ళింది. బ్యాంకువాళ్ళు మర్యాదగానే మాట్లాడారు. సాయంత్రం ఐదు దాకా టైమిచ్చి, ఐదు దాటాక జాబితాలో తర్వాతి పేరు పిలిచారు.

దాచిన డబ్బు ఏమైందంటారా? ఒక పనికోసం కూడబెట్టిన డబ్బు, ఆ పనే లేకుండా పోయాక ఇంట్లో నిలవదు. తాకట్టు విడిపించారు, రేకుల కప్పు బాగుచేయించారు, తమ్ముడి ఫీజు కట్టారు. మూడు నెలల్లో మొత్తం కరిగిపోయింది. నీలవేణి మళ్ళీ ఏదో షాపులో, ఇంకేదో హాస్టల్లో చేరింది. జీతం పదకొండు వేలు.

మొన్న మధ్యాహ్నం ప్రశాంతి మెట్ల మీద కూర్చుని గోళ్ళకు రంగేసుకుంటూ ఫోన్ స్పీకర్లో పెట్టింది. ఇంకో నోటిఫికేషన్ పడిందనీ, రాయమనీ, ఈసారైనా ముందునుంచీ కాస్త కాస్త దాచుకోమనీ చెప్పింది. పది నెలల తర్వాత ఆ గొంతు విన్నాను.

"దాచినన్నాళ్ళూ ఇంతే తిన్నాను, ఇప్పుడూ ఇంతే తింటన్నాను. ఇప్పుడు లెక్క రాసుకోట్లేదు, అంతే," అంది నీలవేణి.

ఆ మాట నన్ను వదలడం లేదు. నేను ఆమె కోసం రోజూ వండాను కదా, కడుపు నిండా పెట్టానా అని మొన్నటి నుంచీ నన్ను నేనే అడుగుతున్నాను. నాలో మూడు గ్లాసుల బియ్యం పడుతుంది. ఆ పది నెలల్లో నీలవేణి ఒక్కరోజు కూడా ఒక గ్లాసుకు మించి పొయ్యలేదు.