ఎర్రదారం కోడి

పొద్దున లేవగానే చేయవలసినవి:
గోరువెచ్చని ఉప్పునీళ్లలో కోడి కాలు పది నిమిషాలు నానబెట్టాలి.
మెత్తటి గుడ్డతో తడి లేకుండా అద్దాలి. పుండు మీది నల్లపెచ్చును గోళ్లతో గీకకూడదు.
అయోడిన్ మందు పూసి, వేళ్ల మధ్య నుంచి వదులుగా కట్టు కట్టాలి.
గంప కింద ఎండుగడ్డి మార్చాలి.
తగ్గిందనిపించినా కట్టు మానకూడదు.

పశువుల డాక్టరు చెబుతుంటే రాసుకుని, కాగితం వంటింటి గోడకు అంటించాను. ఆ కోడి మాది కాదు. నంగునూరులో మా ఇంటి దగ్గరి మూడుబాటల కాడ ఎడమకాలు ఎత్తుకుని నిలబడి ఉంది. కాలికి ఎర్రదారం, ఈకల మీద కుంకుమ. మనిషి చుట్టూ తిప్పి, రోగం వెంట తీసుకుపొమ్మని వదిలేసిన కోడి. అలాంటిదాన్ని ఎవరూ ఇంటికి తేరు. నేను తెలిసే తెచ్చాను. దారం చర్మంలోకి దిగి పాదం ఉబ్బింది, అరికాలికి పుండు పడింది. బ్లేడుతో దారం కోసేశాను.

కల్లు గీయడానికి తాళ్లెక్కే మా బాపు చూసి నవ్విండు.

"డిగ్రీ చదివింది కోడికాళ్లు కడుగతందుకా బిడ్డా?"

"నౌకరి వచ్చేదాక గిదే నౌకరి, బాపూ."

నాలుగోరోజు కోడి పాదం నేల మీద ఆనించింది. ఆ పొద్దుటే పక్కింటి సుచిత్ర వదినె గోడ మీది నుంచి కేకేసింది.

"దేవికా! మీ కోడిని కట్టేసుకోరాదు? రోజూ మా ఇంట్లకొస్తుంది."

"గంప కిందనే ఉంది గద వదినె."

"అయితే గివేంది? వచ్చి చూడు."

వెళ్లి చూశాను. పేడనీళ్లు చల్లిన వాకిట్లో కోడి అడుగులు. అన్నీ కుడికాలివే. గడప దాకా వెళ్లాయి. తిరిగి వచ్చినవి ఒక్కటీ లేవు.

నా వెంట వచ్చి గంప ఎత్తి చూసిన వదినె దాన్ని గుర్తుపట్టింది.

"గీ కోడి నీకేడ దొరికింది? మా అత్త చుట్టు తిప్పి ఇడిసిపెట్టిన కోడి గిది! దారం ఏది?"

"కోసేసిన."

ఆమె అత్త సిద్ధమ్మవ్వకు షుగరు. ఎడమకాలికి పుండు. కోడిని వదిలిన రోజే కట్టూ మందులూ మానేసిందట. నొప్పి దానెంబడి పోయిందని సంతోషపడ్డదట. వెళ్లేసరికి మంచం మీద జ్వరంతో ఉంది. కాలి గుడ్డ విప్పాను. పుండు నల్లబడింది. చీలమండ మీద, చుట్టూతా, సన్నగా లోపలికి దిగిన గాటు. దారం కట్టి బిగించినట్టు.

"ఏమన్న కట్టుకున్నవా అవ్వా?"

"ఏం కట్టలే బిడ్డా. నాలుగు రోజులాయె, కాలు కోసుడు వెట్టింది." నన్నే చూసింది. "కోడిని నువ్వు సాదుతున్నవట. దాని కాలు మంచిగైతే నా నొప్పి ఏడికి పోవాలె?"

ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే అడిగింది.

వదినె లోపలి నుంచి ఎర్రదారం ఉండ తెచ్చి నా చేతిలో పెట్టింది. "మళ్ల కట్టు. నీ కాళ్లు మొక్కుత, దేవికా." ఆ దారం పట్టుకుని మా ఇంటి వైపు రెండడుగులు వేశాను కూడా.

"వద్దు," అంది సిద్ధమ్మవ్వ. "మూగజీవి. దానికి చెప్పి ఇచ్చినమా, అడిగి ఇచ్చినమా? నాది నాకే రానియ్యి."

ఆ రోజే ఆటోలో సిద్దిపేట దవాఖానకు తీసుకుపోయాం. విషం పైకెక్కింది, ఆలస్యమైంది అన్నారు. దవాఖానలో చేర్చిన ఆరోరోజు శవాన్ని ఇంటికి తెచ్చాం. షుగరు వల్లే పోయిందని డాక్టరు చెప్పిండు. నేనూ అందరికీ అదే చెబుతున్నాను. గోడ మీది కాగితంలో కట్టు మానకూడదన్న చివరి మాట కోడి కోసం రాశాను గానీ, గోడ అవతల అవ్వకు చెప్పాలని నాకు తోచలేదు.

మర్నాడు పొద్దున వాళ్ల వాకిట్లో మళ్లీ కోడి అడుగులు. ఈసారి రెండు కాళ్లవీ. గడప నుంచి బయటికి, మూడుబాటల దాకా. ఇంటికి ఉరికి గంప ఎత్తాను. కోడి లోపలే ఉంది. దాని రెండు పాదాలకూ పచ్చిపేడ.

మీ ఇంటి కోడి కుంటితే పైన రాసినవన్నీ చేయండి. కాలికి దారం కనిపిస్తే కోసేయండి. కోసే ముందు మాత్రం, తన నొప్పి తనకే రానిమ్మన్న మా సిద్ధమ్మవ్వను ఒక్కసారి తలుచుకోండి.