ధాన్యపు బండ్ల ఘట్టం

రెండో ముద్రణకు అయిదు పుస్తకాలు అచ్చయ్యాక, మిగిలిన ఒక్కదాని దగ్గర దేవిక పని ఆపించింది.

ఆమె నరసరావుపేటలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతుంది. పల్నాటి యుద్ధం మీద ‘కారెంపూడి బయలు’ అని బల్లమీద ఆడే ఆట ఒకటి మూడేళ్ళు కూర్చుని తయారుచేసింది. గళ్ళు గీసిన పటం, సైన్యాలకు గుర్తుగా అట్టబిళ్ళలు, రెండు పాచికలు. దాంతోపాటు ఆరు చిన్న పుస్తకాల కట్ట. ఒక్కో పుస్తకంలో ఒక్కో ఘట్టం ఉంటుంది. ఎవరి బిళ్ళలు ఎక్కడ నిలబెట్టాలి, ఎన్ని వంతుల్లో ఏం చేస్తే గెలుపు అన్నది అందులో చూసుకుని ఆడాలి. మొదటి ముద్రణ అయిపోయింది. పుస్తకాల కట్ట మళ్ళీ కావాలని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు.

అప్పుడు వరంగల్ నుంచి ఎవరో మెసేజ్ పెట్టారు. “నాలుగో ఘట్టం పదకొండుసార్లు ఆడాం. గురజాల పక్షం ఒక్కసారి కూడా గెలవలేదు. మాకు ఆడటం రాదా, మీకు లెక్క రాదా?”

లెక్కల టీచరుకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మిగతా అయిదు ఘట్టాలనూ స్నేహితుల చేత ఆడించి చూసింది. ఈ ఒక్కదాన్నే, తొందరలో, తనే రెండు వైపులా కూర్చుని ఆడి సరిపెట్టింది.

“శుక్రవారం నుంచి మిషన్ క్యాలెండర్లకి పోద్ది మేడమ్. గురువారం పొద్దున్నే ఫైలు ఇస్తే సరి, లేదంటే సంక్రాంతి దాటాకే,” అన్నాడు ప్రెస్సు యజమాని ముర్తుజా. “పాతదే కొట్టేద్దామా? ఎవరు చూస్తారు?”

“ఆడేవాళ్ళు చూస్తారు. గురువారం ఇస్తా,” అంది దేవిక. ఆ రోజు ఆదివారం.

మధ్యాహ్నానికల్లా పెట్టె తీసుకుని మాచవరం అవతల ఉన్న మేనమామ కోటేశ్వరరావు ఊరికి బస్సెక్కింది. కోటేశ్వరరావు పదేళ్ళు సర్పంచిగా చేసిన మనిషి. పేకాటలో అయినా పంచాయితీలో అయినా ఎదుటివాడి తర్వాతి ఎత్తేమిటో ముందే పసిగడతాడని పేరు. నియమాలు అరగంటలో పట్టేశాడు. మాచర్ల పక్షం తీసుకుని మేనకోడలి మీద వరసగా మూడు ఆటలు గెలిచాడు.

“ఆట బానే ఉందే,” అన్నాడు సంబరంగా.

“బాలేదు మామయ్యా. నువ్వేం చేసినా గెలుస్తున్నావు. గురజాల వైపు కూర్చుని, ఎట్టాగైనా నిన్ను ఓడించాలని పట్టుబట్టేవాళ్ళు కావాలి. అప్పుడు కానీ తప్పెక్కడుందో బయటపడదు.”

కోటేశ్వరరావు కాసేపు మీసం దువ్వుకున్నాడు. “నన్ను ఓడించందే నిద్రపట్టని మనిషి ఈ ఊళ్ళో ఒకతే ఉంది. కానీ నా గడప తొక్కదు. నేనూ ఆమె గడప తొక్కను.”

ఆమె ఇప్పటి సర్పంచి కొండమ్మ. కిందటి ఎన్నికల్లో నలభైయొక్క ఓట్లతో ఆయన్ని ఓడించింది. దేవిక ఆ సాయంత్రమే వెళ్ళి అడిగింది. కొండమ్మ పటాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “అవతల ఎవరు కూర్చునేది?” అంది. పేరు చెప్పగానే, “అయితే వస్తా,” అంది.

ఎవరి గడపా తొక్కకుండా, సోమవారం పదకొండింటికి బస్టాండు పక్కన రసూల్ హోటల్లో కూర్చున్నారు. పొద్దుటి ఇడ్లీలు అయిపోతే మళ్ళీ సాయంత్రం బజ్జీల దాకా అక్కడ బల్లలు ఖాళీ.

ఘట్టం చూడటానికి తేలికే. మాచర్ల పక్షానికి అయిదు ధాన్యపు బండ్లున్నాయి. పది వంతుల్లోగా వాటిలో మూడింటిని పటం ఈ చివర నుంచి ఆ చివరనున్న శిబిరానికి చేర్చాలి. గురజాల గుర్రాలు ఉత్తరం నుంచి వచ్చి అడ్డుకోవాలి. కొండమ్మ మొదటి ఆట ఓడింది. రెండోదీ ఓడింది. మూడో ఆటలో గుర్రాలు వచ్చేసరికి కోటేశ్వరరావు బండ్లు అప్పటికే దాటిపోయాయి.

“ఏంది కొండమ్మా, గుర్రాలు గడ్డి మేస్తన్నయ్యా?” అన్నాడు ఆయన. చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు.

కొండమ్మ నవ్వలేదు. దేవిక తను అనుకున్న మార్పు చెప్పింది. “ఇంకో రెండు గుర్రాల బిళ్ళలు కలుపుతా అత్తా. అప్పుడు సరిపోద్ది.”

“ఆగమ్మా.” కొండమ్మ పటం మధ్యలో నల్లగా రంగు వేసిన గళ్ళ మీద వేలు పెట్టింది. “ఇది ఏ నేల?”

“నల్లరేగడి.”

“ఎప్పటి మాట ఇది? వానలు పడ్డాకా, ముందా?”

“పడ్డాకే. కార్తీకం.”

“మరి నిండు బండి తడి రేగట్లో నాలుగు గళ్ళు ఎట్టా పోయిద్ది? బంటూ నాలుగే, బండీ నాలుగేనా? నువ్వెప్పుడన్నా వడ్లబండి తోలావా?”

దేవిక మొహం వేడెక్కింది. “ఆటలో అన్నీ పెట్టలేం కదత్తా.”

“అన్నీ పెట్టమన్నానా? బండి పెట్టావుగా. పెట్టినదాన్ని సరిగ్గా పెట్టు.”

దేవిక సైన్యాల గురించి ఎన్నో పుస్తకాలు చదివింది. ఎద్దుల గురించి ఒక్కరిని కూడా అడగలేదు. ఆ సంగతి తెలిసినప్పుడు సిగ్గు వేసింది. ఆ వెనకే, తప్పు దొరికిందన్న ఉత్సాహం కూడా వచ్చింది. నోటుపుస్తకం తీసి రాసుకుంది: రేగడి గళ్ళలో నిండు బండికి రెండు గళ్ళే.

మంగళవారం ఆ నియమంతో మొదలుపెట్టారు. ఈసారి కథ అడ్డం తిరిగింది. బండ్లు రేగట్లో దిగబడి ఉండగానే గుర్రాలు వచ్చి మీద పడ్డాయి. కొండమ్మ వరసగా నాలుగు గెలిచింది. ఒక్కో ఆట అయ్యాక చీరకొంగు దులుపుకుని, “ఇంకోటి పెట్టన్నా,” అంది.

కోటేశ్వరరావు పాచికలు బల్లమీద పడేశాడు. “ఇదేం ఆటే దేవికా! నిన్న నేనే గెలిచా, ఇయ్యాల ఆమే గెలుస్తంది. తప్పు ఈ చెంప నుంచి ఆ చెంపకి మారింది, అంతే.”

ఆయన అన్నది నిజమే. నాలుగు గళ్ళయితే ఒకరికి, రెండు గళ్ళయితే ఇంకొకరికి. మూడు పెడదామంటే దేవికకు మనసొప్పలేదు. మధ్యలో ఒక అంకె పెట్టి తప్పించుకోవడమే అవుతుంది తప్ప ఆడేవాడు బుర్రపెట్టి తేల్చుకోవలసింది ఏమీ ఉండదు. అందుకని ఆమె మామయ్యనే అడిగింది. “బండి దిగబడితే మీరేం చేసేవాళ్ళు?”

“ఏం చేస్తాం, వెనక బండి ఎడ్లు ఇప్పుకొచ్చి ముందు జతగా కట్టి లాగిస్తాం.”

“అప్పుడు వెనక బండి?”

“అది ఆడే ఉంటది. ముందు ఇది ఒడ్డెక్కాల గదా.”

చెబుతూ చెబుతూ ఆయనే ఆగిపోయాడు. బల్ల మీదికి వంగి, ఒక బండి బిళ్ళను వెనక్కి తిప్పి పెట్టాడు. ఇంకోదాన్ని ముందుకు నెట్టాడు. “ఒక బండి వదిలేస్తే ఇంకోటి మామూలుగా నాలుగు గళ్ళు పోద్ది. అయిదు బండ్లలో రెండు వదిలేస్తే రెండు పరిగెత్తుతయ్. మూడోది నెమ్మదిగా రావాల. దాన్ని కాపాడుకునేదే యుద్ధం.”

“వదిలేసిన బండ్లు నావేగా?” అంది కొండమ్మ వెంటనే. “వడ్లు దొరికినాక నా గుర్రాలు ఊరికే పోతయ్యా? ఆడ ఒక వంతు ఆగాల్సిందే. ఆగకపోతే ఎవుడూ నమ్మడు.”

“ఆగాల్సిందే,” అన్నాడు కోటేశ్వరరావు. ఆ ఇద్దరూ ఒక మాట మీదికి రావడం ఆ ఊళ్ళో చాలా రోజుల తర్వాత అదే మొదలని రసూల్ ఎవరితోనో అన్నాడు.

ఆ సాయంత్రం, మర్నాడంతా ఆడారు. ఇప్పుడు ప్రతి ఆటలోనూ ఎవరో ఒకరు తలపట్టుకుని ఆలోచించాల్సి వచ్చింది. బండ్లను ముందే వదిలేయాలా, గుర్రాలు కనపడ్డాక వదిలేయాలా? దొరికిన ధాన్యం దగ్గర ఆగాలా, దాని జోలికి పోకుండా చుట్టుదారిన మూడో బండికి అడ్డంపడాలా? మొదటి తొమ్మిది ఆటల్లో కొండమ్మ అయిదు, కోటేశ్వరరావు నాలుగు. పక్షాలు మార్చుకుని ఎనిమిది ఆడితే చెరి నాలుగు. చివరి ఆటలో మూడో బండి పదో వంతులో శిబిరం గడిలో అడుగుపెట్టింది. నెగ్గింది కొండమ్మ. ఓడిన కోటేశ్వరరావు, “అబ్బ, చానా బాగా తోలావు,” అన్నాడు అనుకోకుండా. తర్వాత ఆ మాట అన్నందుకు చుట్టూ చూశాడు.

బుధవారం రాత్రి నరసరావుపేట చేరి దేవిక కొత్త నియమాలు రాసింది. మొత్తం ఏడు వాక్యాలు. పొడుగయితే ఆడేవాళ్ళు సగంలోనే వదిలేస్తారని నాలుగుకు కుదించింది. చివరి పేజీలో ‘ఆడి చూసినవారు’ అని రాసి ఇద్దరి పేర్లూ పెట్టింది. పెద్దరికం చూస్తే ఒకరు ముందు, పదవి చూస్తే ఇంకొకరు. అక్షరక్రమంలో హ్రస్వం ముందు కాబట్టి కొండమ్మ పేరే ముందు వేసింది. మామయ్యకు ఫోన్ చేసి ఆ మాట చెబితే, “హ్రస్వంతో ఏం తగువు పెట్టుకుంటాంలే,” అన్నాడు.

గురువారం పొద్దున ప్రెస్సులో ముర్తుజా ప్రూఫు చేతికిచ్చాడు. ఆమె నిలబడే చదివింది. గళ్ళ సంఖ్య సరిచూసింది, వంతులు సరిచూసింది. ఒకచోట ‘ఎడ్లు’కు బదులు ‘ఏడ్లు’ పడితే దిద్దింది.

“వరంగల్ వాళ్ళకి మళ్ళీ ఏమన్నా తప్పు దొరికితే?” అన్నాడు ముర్తుజా.

“దొరకనివ్వండి. ఈసారి వాళ్ళకి జవాబు చెప్పగలను.”

కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చింది. ముర్తుజా లోపలికి కేకేశాడు. మిషన్ కదిలి, అచ్చయిన మొదటి కాగితం తడి సిరాతో బయటికి జారింది. దేవిక దాన్ని రెండు చేతులతో అంచులు పట్టుకుని, వెలుతురు బాగుందని గుమ్మంలోకి నడిచింది.