ఒక్క వైరు

మా బావ వెంకట్రాజం ఏ పనీ పూర్తి చేయడు, కానీ పూర్తయిందని నలుగురినీ ఒప్పించగలడు. మోటార్లు బాగుచేసే దుకాణంలో రెండేళ్లు నట్లు విప్పే పానాలు అందించినందుకు మా మట్టెవాడలో ఆయనను కరెంటు రాజం అంటారు. ఆ పేరు ఆయనే పెట్టుకున్నాడని నా అనుమానం.

పందొమ్మిది వందల ఎనభైలో మా పెరట్లోని బర్రెల కొట్టానికి ఇంట్లోంచి కరెంటు లాగింది ఆయనే. దూరం ముప్పై గజాలు. కరెంటు పోవడానికి ఒక వైరు, తిరిగి రావడానికి ఇంకో వైరు కావాలి. ఆయన ఒక్కటే తెచ్చాడు. రెండోదానికి బదులు కొట్టం పక్కన ఇనుప కడ్డీ పాతి, బల్బు నుంచి వచ్చే తీగను దానికి చుట్టాడు. భూమే రెండో వైరు అన్నాడు. ప్రమాదమని నేను అన్నాను. గట్టిగా అనలేదు.

"నువ్వు పుస్తకం సూసి చెప్తానవ్ బామ్మర్దీ. బల్బు ఎలిగిందా లేదా, గదొక్కటి చెప్పు."

వెలిగింది. ఆయన భార్య, మా అక్క లక్ష్మీనర్సమ్మ, మొగుడి వైపు మురిపెంగా చూసింది. ఎనిమిదో తరగతికి విద్యుత్తు పాఠం చెప్పే నేను, అక్క చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నాను.

నేల ఎండితే బల్బు మసకబారేది. కడ్డీ మొదట్లో నీళ్లు పోస్తే మళ్లీ వెలుగు పెరిగేది. నా భార్య అనసూయ రోజూ పాలు పిండే ముందు అక్కడ చెంబెడు నీళ్లు పోసేది. బల్బుకు దూపయితాందని, దాని దాహం తీరుస్తున్నానని నవ్వేది. మరుసటి ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, ఒరిగిన కడ్డీని నిలబెట్టబోయి తడిచేత్తో పట్టుకుంది. నేను బడి నుంచి వచ్చేసరికి బర్రెలు అరుస్తున్నాయి.

చుట్టాలు రాకముందే బావ కడ్డీ పెరికి, వైరు చుట్టి, రెండూ తన ఇంటికి చేర్చాడు. పని చేసిన చోట ఒక్క పనిముట్టయినా సర్దిపెట్టడం ఆయనకు అలవాటు లేదు. ఆ రోజు మాత్రం ఎవరూ చెప్పకుండానే సర్దాడు. అక్క నా కాళ్ల దగ్గర కూర్చుంది, ఏమీ అడగలేదు. ఆమె ఏమీ అడగకపోవడం చూసి, వచ్చినవాళ్లందరికీ గుండె ఆగిపోయిందని చెప్పాను. అది అబద్ధం కాదు. అందుకే అంత సులువుగా నోట వచ్చింది.

మే నెలలో మా గోడ అవతలి ఎల్లస్వామి పాడిబర్రెను కొన్నాడు. దానికి కొట్టం వేశాడు. కొట్టానికి కరెంటు కావాలన్నాడు. గోడ మీంచి చూస్తే మా బావ నిచ్చెన ఎక్కి ఉన్నాడు. వైరు ఒక్కటే. కింద ఎల్లస్వామి దేవుడి పల్లకీని చూసినట్టు తలెత్తి చూస్తున్నాడు. స్విచ్చు వేయగానే వెలిగేదాన్ని చూసి మురిసిపోయేవాళ్లకు ఏం చెప్తాం, వాళ్లకు ఈ మనిషే తగినవాడు అనుకొని ఇంట్లోకి వచ్చాను. నోట్సులు దిద్దడానికి కూర్చున్నాను.

అప్పుడు బావ గొంతు వినిపించింది. ఎల్లస్వామి భార్య సమ్మమ్మకు ఉపాయం చెప్తున్నాడు. "వెల్తురు తగ్గితే ఫికర్ చెయ్యకు చెల్లే, కడ్డీ కాడ చెంబెడు నీళ్లు పోయి."

నేను చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాను. సమ్మమ్మ నీళ్ల చెంబు పట్టుకొని కడ్డీ వైపు నడుస్తోంది. వెనక్కి రమ్మన్నాను. మెయిన్ బందు చేయమని ఎల్లస్వామికి చెప్పాను. వాళ్లిద్దరూ బావ మొహం చూశారు.

ఆయన నిచ్చెన మీదే ఉండి, సారుకు భార్య పోయిన కాన్నుంచి మనసు సక్కగ లేదని, ఏమీ అనుకోవద్దని మెల్లగా వాళ్లకు సర్దిచెప్పాడు. ఎంత దయగా చెప్పాడో. ఎల్లస్వామి నా వైపు జాలిగా చూశాడు. కొట్టంలో బల్బేమో వెలుగుతూనే ఉంది.

"అనసూయకు గుండెజబ్బు లేదు," అన్నాను. "ఈయన పాతిన ఇట్లాంటి కడ్డీనే పట్టుకొని చచ్చిపోయింది. నీళ్లు పోస్తూ."

బావ కిందికి దిగాడు. వైరుచుట్ట నిచ్చెనకే వదిలేశాడు. "ఇంటి ముచ్చట బజార్ల పెడ్తవా? మీ అక్క మొఖమన్న సూడవా?" అన్నాడు. మూడు నెలలుగా నేను చూసింది అక్క మొహమే. ఆ మాట ఆయనతో అనలేదు. అనదగ్గ మనిషి కాదు.

ఎల్లస్వామి పరుగెత్తి మెయిన్ బందు చేశాడు. నేను కడ్డీని రెండు చేతులతో పెరికాను. బావ గేటు దాటి వెళ్లిపోయాడు. సమ్మమ్మ చెంబు కింద పెట్టి నా ఎదురుగా నిలబడింది.

"మీకు మొదాలే ఎర్కేనా సారూ?"

తెలుసన్నాను.

"పొద్దుగాల్నుంచి ఈడ వైరు గుంజుతాండు. మీరు గోడ మీంచి సూసిన్రు. నేను సూసిన మిమ్మల్ని."

చూశానన్నాను.

సమ్మమ్మ రెండో వైరు తెమ్మని మొగుణ్ణి బజారుకు పంపింది. నా వైపు ఒకసారి, మా బావ వెళ్లిన గేటు వైపు ఒకసారి చూసింది. రెండు చూపుల్లోనూ తేడా లేదు.