తిట్టు వేసిన తువ్వాలు

పెద్ద కంపెనీల వాళ్లు మన ఉత్తరాలన్నీ చదివేస్తారని అనుమానం పుట్టిన రోజున అన్నయ్య ఇంట్లోనే సొంత మెయిల్ సర్వరు పెట్టాడు. ఆయన పని మోటార్లకు తీగ చుట్టడం. సర్వరంటే మరేం లేదు, షెడ్డులో రాగితీగ ఉండల పక్కన, మూత ఎగరకుండా పైన ఇటుక పెట్టిన పాత కంప్యూటరు. ఇంటిల్లిపాదికీ చుట్టాలకీ కలిపి పదకొండు మెయిల్ పెట్టెలు. రాకపోకలు గోరంత, కాపలా కొండంత.

కొత్తవాళ్ల ఉత్తరం తిన్నగా పెట్టెలోకి రాదు. ముందు ‘అరుగు’ అని ఆయన పేరు పెట్టిన చోట కూర్చోవాలి. పిన్ని చూసి రానివ్వాలి. పిన్ని పాతికేళ్లు సినిమా హాలు గేటు దగ్గర టిక్కెట్లు చింపిన మనిషి. దొంగ టిక్కెట్టును ఆమడ దూరం నుంచే పసిగట్టేది. ఆమె పోరు పడలేక అన్నయ్య ఇంకో సదుపాయం కూడా ఇచ్చాడు: నచ్చని ఉత్తరానికి అరుగు మీది నుంచే జవాబు కొట్టవచ్చు. ఆ జవాబు, పెట్టె ఎవరిదైతే వాళ్ల పేరుతోనే పోతుందన్న సంగతి మాత్రం ఆయన బుర్రకు తట్టలేదు.

ఓ సాయంత్రం నాలుగున్నరకు, అన్నయ్యా పిన్నీ షెడ్డులో ఉండగా చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. గాజు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం కోసం మూడు నెలలుగా కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తోంది. ఉండబట్టలేక ఫోన్ చేస్తే, “ఇవాళ పొద్దున్నే పంపాం కదమ్మా. ఐదులోపు అదే మెయిల్ నుంచి ఒప్పుకున్నట్టు రాకపోతే రెండో మనిషికిచ్చేస్తాం” అన్నారట.

“పిన్నీ, నాకేమైనా వచ్చిందా?”

“వచ్చింది, ఇందాకే చూశా. ముక్కూ మొహం తెలీనివాడు ‘ప్రియమైన’ అని మొదలెట్టాడు. గడ్డి పెట్టి పంపా.”

“ఏమని?”

“మీ ఇంట్లో అక్కచెల్లెళ్లు లేరా, ఆ ఉద్యోగమేదో నువ్వే చేసుకో ఫో, అని.”

చెల్లెలు నేలమీద కూలబడింది. అన్నయ్య తెరమీద కదిలే చిట్టా చూసి గంతేశాడు.

“ఆగవే! తిట్టు ఇంకా చేరలేదు! వాళ్ల సర్వరుకు మనం కొత్త మొహం కదా, కాసేపాగి రమ్మని తిప్పి పంపింది. మనది గంటకోసారి మళ్లీ తలుపు తడుతుంది. ఈసారి తట్టేది సరిగ్గా ఐదుకు పది నిమిషాల ముందు.”

“అయితే తీసి పారెయ్యి అన్నయ్యా!”

తీయాలంటే పాస్‌వర్డు కొట్టాలి. అది నలభై అక్షరాలు. దొంగల నోట్లో దుమ్ము కొట్టాలని ఆయనే పెట్టాడు. వేళ్లనిండా గ్రీజు. మూడుసార్లు తప్పాడు. మూడుసార్లు తప్పినవాణ్ణి పావుగంట బయట నిలబెట్టమని సర్వరుకు నేర్పిందీ ఆయనే.

“నీ ఇంటికి నువ్వే కన్నం వేసి దొరికిపోయావు కదరా!” అంది పిన్ని.

“పావుగంటంటే ఈలోపు తిట్టు వెళ్లిపోదూ?” చెల్లెలు గడియారం చూపించింది.

పిన్ని లేచి, గోడలోంచి వచ్చే ఇంటర్నెట్ తీగను పట్టుకుని ఒక్క పీకు పీకింది. “ఎవర్నీ బయటికి పోనివ్వకూడదంటే గేటు మూసెయ్యాలి. దానికి నలభై అక్షరాలెందుకు?”

నాలుగూ యాభై నాలుగుకు సర్వరు అన్నయ్యను కరుణించింది. ఈసారి ఆయన ఒక్కో అక్షరం చెబుతుంటే చెల్లెలు కొట్టింది. తలుపు తెరుచుకుంది. తిట్టును తీసేశారు. ఒప్పుకున్నట్టు నాలుగు ముక్కలు రాసిందో లేదో, చెల్లెలి వేలు మీట మీదే ఆగింది.

“దీన్నీ కాసేపాగి రమ్మంటే? మళ్లీ గంట!”

అన్నయ్య గ్రీజు చేత్తోనే మీసం దువ్వాడు. “వాళ్ల గేటు ఉత్తరం చదవదే. ఎక్కణ్ణుంచి, ఎవరు, ఎవరికి అన్నదే చూస్తుంది. తిట్టు వెళ్లి ఆ మొహం ముందే చూపించింది. నిలబడాల్సినంతసేపు నిలబడ్డట్టే లెక్క.”

తీగ గుచ్చాడు. ఉత్తరం రివ్వున దూసుకుపోయింది. నాలుగూ యాభై ఎనిమిది.

“చూశారా మరి!” పిన్ని కొంగు దులిపింది. “నా తిట్టు ముందెళ్లి తువ్వాలు వేయబట్టే బస్సులో సీటు దొరికింది.”

ఆమెను కొట్టాలో వాటేసుకోవాలో తేలక చెల్లెలు రెండూ చేసింది.

మర్నాడు పనిలో చేరే తేదీ చెబుతూ ఫ్యాక్టరీ నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఇదీ ‘ప్రియమైన’ అనే మొదలైంది. పిన్ని దాన్ని అరుగుమీద పావుగంట నిలబెట్టి, ఎగాదిగా చూసి, “వీడు అలవాటు మానడు” అంటూ లోపలికి వదిలింది.